ఆటగాళ్ల పేర్లు మైకులో తప్పులేకుండా పలకడం ఎలా?

కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో మహిళల వన్డే ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో బౌలర్. ఆమె పేరు ఇంగ్లీషులో రాసి తెలుగు రాని వ్యాఖ్యాత చేతికిస్తే చరాని అనొచ్చు, చారని అనొచ్చు, చరణి అనొచ్చు. మూడింటికీ స్పెల్లింగ్ ఒకటే. ణకారం, హ్రస్వం, దీర్ఘం అన్నీ ఆ ఇంగ్లీషు అక్షరాల దగ్గరే ఆగిపోయాయి. ఏది సరైనదో తేల్చుకునే దారి అతనికి ఆ కాగితంలో లేదు. బయటివాళ్ల పేర్లు మన నోట్లో పాడయ్యేది కూడా ఈ కారణం వల్లే. నోరు తిరగక కాదు, చూసి చదివే లిపి సరైనది కాక.

కాబట్టి పద్ధతి ఒక్కటే. ఇంగ్లీషు స్పెల్లింగును దాటి ఆ పేరు పుట్టిన భాష దాకా వెళ్లాలి. వీలైతే ఆ ఆటగాడి నోటనే వినాలి. విన్నదాన్ని తెలుగు లిపిలో రాసుకుని, దాన్ని చూసే చదవాలి. త-ట, ద-డ, న-ణ, ల-ళ, హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు అన్నీ ఉన్న లిపి మనది. పేర్లు రాసుకోవడానికి ఇంగ్లీషు కంటే ఎన్నో రెట్లు నయం. పండగ టోర్నమెంట్లలో మైకు పట్టేవాళ్లు, కబడ్డీ పోటీలకు యూట్యూబులో లైవ్ చెప్పేవాళ్లు, పాఠశాలల క్రీడల్లో పేర్లు పిలిచే పీఈటీ సార్లు, మేడమ్‌లు, ఆట వార్తలు రాసే విలేకరులు అందరికీ ఇది పనికొస్తుంది.

మొదటి పని: జాబితా ముందురోజే తెచ్చుకోండి

మ్యాచ్ మొదలయ్యే ముందు చేతిలో పడిన కాగితాన్ని అప్పటికప్పుడు చదివితే తప్పులు తప్పవు. రెండు జట్లు, రిజర్వులు, కోచ్‌లు, అంపైర్లు కలిపి ఒక క్రికెట్ మ్యాచ్‌కు ముప్పై పైచిలుకు పేర్లు ఉంటాయి. వాటిని మూడు గుంపులు చేయండి. మీకు కచ్చితంగా తెలిసినవి ఒకటి. తెలుసని అనుకుంటున్నవి రెండోది. అసలు తెలియనివి మూడోది. ఎక్కువ తప్పులు దొర్లేది రెండో గుంపులోనే. తెలియని పేరును ఎవరినైనా అడుగుతాం, తెలుసనుకున్న పేరును ఎవరినీ అడగం. అందుకే పని రెండో గుంపుతో మొదలుపెట్టండి.

ప్రతి పేరు పక్కన రాష్ట్రమో దేశమో, అది ఏ భాష పేరో రాసుకోండి. దేశం రాసినంత మాత్రాన భాష తెలిసిపోదు. టెన్నిస్ ఆటగాడు యానిక్ సిన్నర్ ఇటలీవాడు. కానీ జర్మన్ మాట్లాడే కొండ ప్రాంతంలో పుట్టాడు కాబట్టి అతని పేరు మొదట్లోని 'జె' అక్షరం యకారమే. దొమ్మరాజు గుకేశ్ చెన్నైవాడు, ఇంటిపేరు మాత్రం అచ్చ తెలుగు.

రెండో పని: మన దేశపు పేర్లను సొంత లిపిలో చూడండి

మన మైకుల్లో ఎక్కువగా వినపడేవి ఇవే, ఎక్కువగా చెడేవీ ఇవే. వీటికి మందు చాలా సులువు. ఆ ఆటగాడి పేరును హిందీలోనో, వాళ్ల రాష్ట్ర భాషలోనో రాసిన వార్త ఒక్కటి వెతికి చూడండి. వికీపీడియా వ్యాసంలో ఎడమ పక్క, లేదా పైన, భాషల పట్టీ ఉంటుంది. అక్కడ హిందీ నొక్కితే శీర్షికలోనే పేరు కనిపిస్తుంది.

విరాట్, రోహిత్ రెండూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో ముగుస్తాయి. హిందీలో చూస్తే మొదటిది టకారం, రెండోది తకారం. షూటర్ మను ఇంటిపేరు స్పెల్లింగు చూసి భేకర్ అంటారు, అది భాకర్. రెజ్లర్ సాక్షి ఇంటిపేరు మలిక్, మాలిక్ కాదు.  నీరజ్ చోప్రా ఇంటిపేరులో 'ర' అని మనం చదివేది హిందీలో డకారం కింద చుక్క పెట్టి రాసే అక్షరం. నాలుక వెనక్కి మడిచి కిందికి కొట్టినట్టు పలికితే, చోప్డాకు చోప్రాకు మధ్యలో వచ్చే శబ్దం అది. తెలుగు వ్యాఖ్యానంలో చోప్రా అన్నా తప్పు పట్టాల్సిన పని లేదు. హర్యానా నుంచి వచ్చిన కుర్రాడి ఎదురుగా అతని పేరు పిలవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

ఇంగ్లీషులో 'హెచ్' కనపడగానే ఒత్తు పలకడం మనకు అలవాటు. ఆ అలవాటు మూడు రకాలుగా దెబ్బతీస్తుంది.

ఒకటి, దక్షిణాది స్పెల్లింగులో 'టి, హెచ్' అంటే తకారమే, ఉత్తరాదిలో థకారం. మిథాలీ అని మన పత్రికల్లో తరచుగా కనిపించే పేరు హిందీలో మితాలీ. తమిళ కుటుంబం కాబట్టి స్పెల్లింగులో హెచ్ చేరింది. శ్రీలంక పేర్లలోనూ ఇంతే. అతపత్తు, తీక్షణ అన్న పేర్లలో ఇంగ్లీషులో హెచ్‌లు బోలెడు, పలకడంలో ఒత్తు ఒక్కటీ లేదు.

రెండు, పక్కపక్కన ఉన్న రెండు అక్షరాలు వేర్వేరు హల్లులు కావచ్చు. బాక్సర్ నిఖత్ జరీన్ పేరును ఉర్దూలో చూడండి, నిక్‌హత్ అని ఉంటుంది. కకారం ఒక అక్షరం, హకారం ఇంకొకటి. మన వాళ్లందరూ కలిపేసి ఖ చేశారు.

మూడు, చివర ఉన్న హెచ్ చాలాసార్లు ఏమీ కాదు, దీర్ఘం చూపే గుర్తు మాత్రమే. 

ముస్లిం పేర్లకు మన అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కర్నూలులో, కడపలో ఉర్దూ చదవడం రాయడం వచ్చినవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. పేరును ఉర్దూ లిపిలో చూపించి చదవమనండి. ఇంగ్లీషు స్పెల్లింగు చూపిస్తే వాళ్లు కూడా మనలాగే ఊహిస్తారు, అందుకే ఉర్దూ లిపిలోదే చూపించాలి. రాషిద్ వేరే పేరు, రషీద్ వేరే పేరు. అఫ్గానిస్థాన్ లెగ్ స్పిన్నర్ పేరు రాషిద్ ఖాన్. మొదటి అక్షరానికి దీర్ఘం, రెండోదానికి హ్రస్వం. మన పత్రికలు, టీవీలు చాలాకాలంగా రషీద్ అంటూ తిరగేసి వాడుతున్నాయి. కబడ్డీలో ఇరాన్ డిఫెండర్ ఫాజెల్ అత్రాచాలీ ఇంటిపేరు కూడా అంతే. 'చ' దగ్గర దీర్ఘం ఉంది. మైకుల్లో అత్రచలి అని తేల్చేస్తుంటారు.

కన్నడ పేర్లకు రాయదుర్గం వైపు, ఇంకా సరిహద్దు మండలాల్లో కన్నడం తెలిసినవాళ్లను అడిగితే చాలు. ప్రసిద్ధ్ కృష్ణ పేరులో ద్ధ ఉందని కన్నడ లిపి చూస్తేనే తెలుస్తుంది, ఇంగ్లీషు చూస్తే ప్రసిద్ అనిపిస్తుంది. ఈశాన్య రాష్ట్రాల పేర్లు కొంచెం ఓపికగా చూడాలి. బాక్సర్ లవ్లీనా ఇంటిపేరు చివర 'హైన్' అని లేదు, ముక్కుతో పలికే 'హాయ్' ఉంది. బొర్గొహాఁయ్ అని రాసుకోండి. మీరాబాయి చాను ఇంటిపేరు చాను కాదు, సైఖోమ్. చాను అనేది మణిపురి ఆడపిల్లల పేర్ల చివర వచ్చే మాట. అందుకే ఆమెను మీరాబాయి అని పిలవండి.

మూడో పని: విదేశీ పేర్లకు ముందు భాష నియమం, తర్వాత చెవి

ప్రతి భాష నేర్చుకోనక్కర్లేదు. ఒక్కో భాషకు మూడు నాలుగు నియమాలు తెలిస్తే చాలావరకు గట్టెక్కుతాం.

స్పానిష్ మన అనంతపురానికి కొత్త కాదు. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న సేవా సంస్థ ఆర్డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్థాపించిన ఫాదర్ ఫెర్రర్ స్పెయిన్‌వాడు. ఆయన పేరు వాళ్ల భాషలో ఫెర్రేర్, ఊనిక రెండో అక్షరం మీద. ఊనిక అంటే పేరులో ఏ అక్షరాన్ని బలంగా నొక్కి పలుకుతారో అది. మన చెవికి అది దీర్ఘంలా వినపడుతుంది, తెలుగులో దీర్ఘంగానే రాసుకోవచ్చు. స్పానిష్‌లో ఊనిక నియమం చాలా తేలిక. పేరు అచ్చుతో గానీ, 'ఎన్', 'ఎస్' అక్షరాలతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. వేరే హల్లుతో ముగిస్తే చివరి అక్షరం మీద. ఈ నియమానికి విరుద్ధంగా ఉంటే అచ్చు మీద చిన్న గీత పెట్టి చూపిస్తారు.

ఇప్పుడు రఫాఎల్ నదాల్ పేరు చూడండి. 2010లో అనంతపురంలో అతని ఫౌండేషన్ ఆర్డీటీతో కలిసి టెన్నిస్ పాఠశాల పెట్టింది, మన జిల్లాలో ఆ పేరు తెలియని ఆటగాడు లేడు. లకారంతో ముగుస్తుంది కాబట్టి ఊనిక చివర. స్పానిష్ 'డి' మన దకారానికి దగ్గర. నాడల్ కాదు, నడాల్ కూడా కాదు, నదాల్. అల్కరాస్ కూడా ఇంతే, ఊనిక చివర. చివరి అక్షరాన్ని స్పెయిన్‌లో నాలుక కొన పళ్ల మధ్య పెట్టి, గాలి వదిలి పలుకుతారు. అది రాకపోతే అల్కరాస్ అనండి. అల్కరాజ్ అనకండి, ఎందుకంటే స్పానిష్‌లో ఆ జకారమే లేదు. 2016 రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో సింధును ఓడించిన కరోలీనా ఇంటిపేరులో చివరి అచ్చు మీద గీత ఉంది. మారిన్ కాదు, మరీన్. ఆ గీత ఇంగ్లీషు స్కోరుబోర్డులో కనిపించదు. అందుకే స్పెల్లింగును ఆటగాళ్ల సొంత దేశపు సమాఖ్య పేజీలోనో, వాళ్ల భాష వికీపీడియాలోనో చూడాలని చెప్పేది. స్పానిష్‌లో 'జె' అక్షరం గొంతు నుంచి వచ్చే హకారం. హవియేర్, హువాన్, హోసే అని రాసుకోండి.

జర్మన్‌లో 'జె' య అవుతుంది, 'డబ్ల్యూ' వ అవుతుంది, 'వి' చాలాచోట్ల ఫ, 'జెడ్' త్స. జావెలిన్ ఆటగాళ్లు యోహానెస్ ఫెటర్, యూలియాన్ వేబర్ ఇద్దరూ ఈ నియమాలతోనే తేలిపోతారు. చెక్ భాషలో కూడా 'జె' య. 'సి, హెచ్' కలిస్తే గొంతులోంచి వచ్చే ఖ. ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరం మీదే. పోలిష్‌లో 'డబ్ల్యూ' వ, ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద. టెన్నిస్‌లో ఈగా పేరు తర్వాత వచ్చే ఇంటిపేరు ష్వ్యోన్తెక్. ఇంగ్లీషులో 'ఏ' అక్షరంలా కనిపించేదానికి అసలు స్పెల్లింగులో కింద ఒక తోక ఉంటుంది, దాన్ని 'ఓన్' అని పలుకుతారు. స్వియాటెక్ అన్నప్పుడు పోతున్నది ఆ తోకే. సెర్బియా, క్రొయేషియా పేర్ల చివర మన వాళ్లు కొందరు 'ఇక్' అంటుంటారు, అది 'ఇచ్'. జోకొవిచ్‌లో ఊనిక మొదటి అక్షరం మీద.

ఫ్రెంచిలో చివరి హల్లులు చాలావరకు మూగవి. కానీ అన్నీ కావు, అక్కడే చిక్కు. టెన్నిస్ ఆటగాడు గయెల్ ఇంటిపేరు మోఁఫిస్. లకారం పలకరు, సకారం పలుకుతారు. ఇలాంటివి నియమంతో తేలవు, వినాల్సిందే.

దక్షిణాఫ్రికా పేర్లు క్రికెట్ వల్ల మనకు రోజూ వచ్చేవే, అయినా ఎక్కువ పాడయ్యేవి. అక్కడ ఆఫ్రికాన్స్ భాష ఉంది, త్స్వానా, జులూ లాంటి భాషలున్నాయి, ఇంగ్లీషు ఉంది. మార్కో ఇంటిపేరు యాన్సెన్. ఆన్రిఖ్ ఇంటిపేరు నోర్కియా. జెరాల్డ్ ఇంటిపేరు కుట్సియా. ఫాఫ్ ఇంటిపేరు డూ ప్లెసీ, చివరి సకారం మూగది. కగిసో రబాడా మొదటి పేరులో 'జి' అక్షరం గొంతు ఖ, కాబట్టి కఖీసో. ఎన్‌గిడి పేరు మొదట్లో ఉన్నది మన ఙకారం లాంటిదే, దాని వెనక గకారం. లుంగి ఙ్గిడి అని రెండు పేర్లు కలిపి పలికితే తెలుగు నోటికి సులువుగా వస్తుంది.

ఇంగ్లీషు పేర్లలోనే మనం చేసే పొరపాటు ఇంకోటి ఉంది. స్పెల్లింగులో అక్షరం రెండుసార్లు ఉంటే మనం ద్విత్వం పలుకుతాం. కమ్మిన్స్, రస్సెల్, మిల్లర్ అంటాం. ఇంగ్లీషులో ద్విత్వం అనేదే పలకరు. కమిన్స్, రసెల్, మిలర్. స్పానిష్ మాట్లాడే మెస్సి పేరు కూడా వాళ్ల నోట్లో మెసి. ఇటాలియన్‌లో మాత్రం ద్విత్వం నిజంగా ఉంది, అది తెలుగులో ఉన్నంత గట్టిగా ఉంటుంది. మత్తేఓ బెర్రెత్తీని పేరును ఇంగ్లీషువాళ్ల కంటే మనం బాగా పలకగలం. తకారాలు రెండూ తెలుగు తకారాలే. ఇంకొకటి, ఇంగ్లీషులో రెండు 'ఓ'లు ఉన్నచోటల్లా దీర్ఘం కాదు. రూట్‌కు దీర్ఘం, కుక్‌కు, బ్రుక్‌కు హ్రస్వం.

చైనా పేర్లలో 'క్యూ' అంటే చ, 'ఎక్స్' అంటే శకారానికి దగ్గర. బ్యాడ్మింటన్ ఆటగాడు షి యూచీ పేరు ఆ 'క్యూ' వల్లే మైకుల్లో యుకి అయిపోతుంది. చైనా, కొరియా పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, సింధు పేరులో పూసర్ల ముందు వచ్చినట్టే. ఆన్ సె యంగ్‌ను ఇంటిపేరుతో పిలవాలంటే ఆన్ అనాలి, యంగ్ అనకూడదు. ఇథియోపియా పరుగు వీరుల పేర్లలో రెండోది తండ్రి పేరు. కెనెనిసా బెకెలేను కెనెనిసా అనడమే సరైన పిలుపు.

నాలుగో పని: ఆటగాడి నోట వినండి

నియమంతో ఒక అంచనాకు వచ్చాక దాన్ని సరిచూసుకోవాలి. అన్నింటికంటే నమ్మదగినది ఆటగాడే తన పేరు చెప్పుకునే శబ్దం. పురుషుల టెన్నిస్ సంఘం ఏటీపీ వెబ్‌సైటులో చాలామంది ఆటగాళ్ల పేజీల్లో పేరు పక్కన స్పీకర్ గుర్తు ఉంటుంది, నొక్కితే ఆ ఆటగాడే తన పేరు పలుకుతాడు. మిగతా ఆటలకు యూట్యూబులో పరిచయ వీడియోలు వెతకండి. జట్లు చేసే పరిచయాల్లో మొదటి వాక్యంలోనే పేరు చెప్పుకుంటారు. వీడియో వేగం 0.75కు తగ్గించి వినండి. 0.5కు తగ్గిస్తే అచ్చులు సాగిపోయి హ్రస్వం కూడా దీర్ఘంలా వినపడుతుంది, అంత వద్దు.

అది దొరకకపోతే ఆ దేశపు వ్యాఖ్యాతలు వాళ్ల భాషలో చెప్పింది వినండి. అదీ లేకపోతే ఫోర్వో అనే వెబ్‌సైటులో ఆయా భాషల వాళ్లు పలికిన పేర్లు ఉంటాయి. పలికినవాళ్లది ఏ దేశమో పక్కనే రాసి ఉంటుంది, తప్పకుండా చూడండి. స్పెయిన్‌వాళ్ల పలుకు, అర్జెంటీనావాళ్ల పలుకు ఒకటి కావు. ఫోనులో అనువాదం చేసే యాప్ చదివి వినిపించేదాన్ని నమ్మకండి. భాష ఇంగ్లీషు అని పెట్టి ఉంటే అది కూడా స్పెల్లింగు చూసే చదువుతుంది. ఇంగ్లీషు వ్యాఖ్యాతలు పలికారు కదా అని తీసుకోకండి. వాళ్లకు తకారం లేదు, ణకారం లేదు. నదాల్ పేరును వాళ్లు పాడుచేసిన తీరునే మనం అరువు తెచ్చుకున్నాం.

రెండు చోట్ల విన్నది ఒకటే అయితే ఖాయం చేసుకోండి. తేడా వస్తే ఆటగాడి మాటే చివరిది. ఇక్కడ ఒక సంగతి మరవొద్దు. పుట్టిన భాషలో సరైనదే ఆటగాడికీ సరైనది కానక్కర్లేదు. మార్నస్ లాబుషేన్ పుట్టింది దక్షిణాఫ్రికాలో, ఆఫ్రికాన్స్‌లో అతని ఇంటిపేరు పూర్తిగా వేరేలా పలుకుతారు. ఆస్ట్రేలియాలో లాబుషేన్ అనే పలుకుతారు, అతను అదే వాడతాడు. మనమూ అదే అనాలి. రవీంద్ర ఇంటిపేరు గుజరాతీ లిపిలో జాడేజా, హిందీలో జడేజా. దేశమంతా జడేజా అని స్థిరపడింది, దాన్ని మార్చే పని మనది కాదు.

ఆటగాడు ఎదురుగా ఉంటే నేరుగా అడగడానికి మొహమాటపడొద్దు. టాస్‌కు అరగంట ముందు, వార్మప్ మొదలవకముందు అడగండి. "మీ పేరు ఇదే కదా?" అని మీరు పలికి అడిగితే, తప్పైనా మర్యాదకు తల ఊపేస్తారు. అలా కాకుండా "మీ పేరు ఒకసారి చెబుతారా, సరిగ్గా పలకాలి" అని అడిగి, విని, తిరిగి పలికి చూపండి. రెండోసారి సరిదిద్దితే సంతోషంగా సరిదిద్దుకోండి. చిన్న పిల్లల పోటీల్లో కోచ్‌ను అడగడం కంటే ఆ పిల్లల్నే అడగడం మంచిది. కోచ్‌లు చాలాసార్లు ముద్దుపేరో, జాబితాలోని స్పెల్లింగో చెబుతారు.

ఐదో పని: తెలుగులో రాసుకోవడం

విన్నది విన్నట్టు తెలుగులో రాయండి. పేరును అక్షరాల మధ్య చిన్న గీతలతో విడదీయండి. ఊనిక ఉన్న అక్షరం కింద గీత గీయండి. న-దాల్, మ-రీన్, జో-కొ-విచ్. పలకని అక్షరాన్ని అసలు రాయకండి. పక్కన ఇంగ్లీషు స్పెల్లింగు పెట్టకండి, పెడితే ఆట వేడిలో కన్ను అటే పోతుంది. చొక్కా నంబరు ప్రకారం వరసగా రాస్తే వెతుక్కోవడం సులువు.

తెలుగులో లేని శబ్దాలకు మీ సొంత గుర్తులు పెట్టుకోండి. ఇంగ్లీషు 'జెడ్' శబ్దానికి జ కింద చుక్క. గొంతు ఖ కోసం ఖ కింద చుక్క. ముక్కుతో పలికేదానికి అరసున్న ఎలాగూ మనకు ఉంది. పళ్ల మధ్య పలికే థ కోసం థ కింద గీత. ఈ నాలుగు చాలు. కాగితం మీద గుర్తులు ఎక్కువైతే చదవడం కష్టమవుతుంది.

పారిస్ 2024 జావెలిన్ ఫైనల్లో మొదటి ఆరుగురి జాబితాను ఈ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది. 92.97 మీటర్లతో స్వర్ణం గెలిచిన పాకిస్థాన్ ఆటగాడు అర్-షద్ న-దీమ్, రెండుచోట్లా దకారమే. 89.45 మీటర్లతో రజతం నీ-రజ్ చోప్రా. 88.54 మీటర్లతో కాంస్యం గ్రెనడా ఆటగాడు ఆం-డర్-సన్ పీ-టర్స్, ఇంగ్లీషు పేరు, చిక్కు లేదు. నాలుగోవాడు చెక్ ఆటగాడు యా-కుబ్ వద్-లెయ్ఖ్. మైకుల్లో ఇతన్ని జాకబ్ వడ్లేచ్ అంటారు. 'జె' య అని, 'సి, హెచ్' గొంతు ఖ అని పైన చెప్పిన నియమాలు రెండూ ఈ ఒక్క పేరులో ఉన్నాయి. ఐదు, ఆరు స్థానాల వాళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. కెన్యా ఆటగాడు జూ-లి-యస్ యె-గో, జర్మనీ ఆటగాడు యూ-లి-యాన్ వే-బర్. ఇంగ్లీషులో ఇద్దరి పేర్లూ ఒకే నాలుగు అక్షరాలతో మొదలవుతాయి. కెన్యావాడిది ఇంగ్లీషు పద్ధతి పేరు కాబట్టి జ, జర్మన్ వాడిది య. భాష ఏదో పక్కన రాసుకోమన్నది ఇందుకే. నీరజ్‌కు తర్వాత కోచ్‌గా వచ్చిన, 1996 నుంచి 98.48 మీటర్ల ప్రపంచ రికార్డు తన పేరిట ఉన్న చెక్ దిగ్గజం పేరూ ఇలాగే రాసుకోండి: యాన్ జె-లెజ్-నీ. జాన్ అని రాసుకోవద్దు.

ఆరో పని: వాక్యంలో పెట్టి పలకండి

ఒంటిగా బాగా పలికిన పేరు వాక్యంలోకి రాగానే చెడిపోతుంది. ఇది తెలుగు వల్ల వచ్చే ఇబ్బంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకని హల్లుతో ముగిసే ప్రతి పేరుకూ ఉకారం తగిలిస్తాం. రూట్ రూటు అవుతాడు, జోకొవిచ్ జోకోవిచ్చు అవుతాడు. తర్వాత విభక్తి చేరితే ఆ ఉకారం ఇంకా గట్టిపడుతుంది. ఆపే ఉపాయం ఉంది. పేరు చివరి హల్లు దగ్గర నాలుకను అక్కడే ఆపి, రెప్పపాటు విరామం ఇచ్చి, అప్పుడు విభక్తి పలకండి. నదాల్‌-కు, మరీన్‌-పై, వేబర్‌-ని. కొద్దిరోజుల్లో ఆ విరామం వినపడనంత చిన్నదవుతుంది. విభక్తి పేరుకు అతికినట్టు వినపడకపోతే వాక్యాన్నే తిప్పండి. "బంతి యాన్సెన్‌ చేతుల్లో ఉంది" అనడం "యాన్సెన్‌కు బంతి ఇచ్చారు" అనడం కంటే తేలిగ్గా వస్తుంది.

సాధన ఇలా చేయండి. ఒక్కో పేరు ఐదుసార్లు ఒంటిగా, ఐదుసార్లు "...కొట్టాడు", "...కు అవుట్", "...బౌలింగ్‌లో" అనే వాక్యాల్లో. తర్వాత మొత్తం జాబితాను ఆట వేగంలో పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి. ఫోనులో రికార్డు చేసి, ముందు విన్న శబ్దం పక్కన పెట్టి వినండి. పదిహేను కొత్త పేర్లకు అరగంట సరిపోతుంది.

నోరు ఎప్పటికీ తిరగని శబ్దాలు ఉంటాయి. దేన్ని వదిలేయొచ్చు, దేన్ని వదలకూడదు అన్నది తెలిసి ఉండాలి. ఊనిక, దీర్ఘం, మూగ అక్షరాలు, త-ట తేడా వదలకూడదు. ఇవి తెలుగు నోటికి అసాధ్యం కావు, బద్ధకం వల్లే పోతాయి. ఫ్రెంచి రకారం, చెక్ జ, స్పానిష్ చివరి థ లాంటివి దగ్గరగా పలికితే చాలు. తెలుగు వాక్యం మధ్యలో ఒక్క పేరును మాత్రం విదేశీ యాసలో విరిచి పలికితే వినేవాళ్ల ధ్యాస ఆట మీద నుంచి ఆ పేరు మీదికి పోతుంది. మనకు కావలసింది ఆ ఆటగాడు విని తన పేరేనని గుర్తుపట్టడం.

మైకులో ఉండగా పేరు తట్టకపోతే ఊహించి పలకకండి. చొక్కా నంబరు, జట్టు, స్థానం చెప్పండి. "ఏడో నంబరు రైడర్", "ఎడమచేతి ఓపెనర్" అని నడిపించి, ఓవరు మధ్యలో కాగితం చూసుకోండి. తప్పు పలికానని తెలిస్తే వెంటనే సరైన పేరు ఒక్కసారి చెప్పి ముందుకు సాగండి. తడబడ్డ పేరు మీద నవ్వడం, "నోరు తిరగని పేరు" అనడం మాత్రం వద్దు. ఆ పేరు వాళ్ల అమ్మానాన్న పెట్టుకున్నది, మైదానంలో ఆ మాట వాళ్లకూ వినపడుతుంది.

మ్యాచ్ అయ్యాక కాగితం పారేయకండి. ఒక నోటుపుస్తకంలో ఆట, భాష, పేరు, ఎక్కడ విన్నారు, తేదీ అని ఐదు గడులు గీసి ఎక్కించండి. "ఎక్కడ విన్నారు" అన్న గడి ఖాళీగా వదలొద్దు. రేపు ఇంకెవరైనా అది తప్పంటే చూపించడానికి అదే ఆధారం. టోర్నమెంటు నిర్వాహకులైతే నమోదు ఫారంలో ఇంగ్లీషు పేరు కింద "మీ భాషలో మీ పేరు" అని ఇంకో గీత వేయించండి. కర్ణాటక, తమిళనాడు, తెలంగాణ నుంచి వచ్చే జట్లు తమ లిపిలో రాసిస్తే, మైకు దగ్గర ఊహించాల్సిన పేర్లలో చాలావరకు ఆ ఒక్క గీతతోనే తేలిపోతాయి.